మెడనొప్పి గురించి మాట్లాడమన్నారు

అమ్మలూ, అక్కచెల్లెళ్ళూ, వేదిక మీదున్న పెద్దలూ, అందరికీ నమస్కారం. శాలువా కప్పిన సర్పంచిగారికి, కుర్చీలు మోసిన కుర్రాళ్ళకి, పొద్దుటి నుంచి పులిహోర కలుపుతున్న సంఘం వాళ్ళకి... పేర్లన్నీ చదివితే ఇక్కడే పొద్దుపోతుంది, మన్నించండి.

లేసు అల్లేవాళ్ళకి మెడనొప్పి, కళ్ళమంట ఎందుకొస్తాయో చెప్పమని పిలిచారు. చెప్తాను. అల్లిక ఒళ్ళో కాకుండా దిండు మీద పెట్టుకోండి. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. వెలుగు పక్కనుంచి పడేలా కూర్చోండి. అయిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళు ఏఎన్ఎంగా చేసినదాన్ని, ఇంతమంది ఆడవాళ్ళు ఒక్కచోట దొరికితే మెడ గురించి చెప్పి వెళ్ళిపోతే నాకు రాత్రి నిద్ర పట్టదు. మా అక్క గురించి మాట్లాడతాను. తలుపు దగ్గర నిలబడ్డ మగవాళ్ళు జారుకోనక్కర్లేదు. మీ ఇళ్ళల్లోనూ అమ్మలున్నారు.

మా అక్క లేసు అల్లేది. నరసాపురం చుట్టుపక్కల అంత సన్నటి పువ్వు అల్లేవాళ్ళు తక్కువ అని ఏజెంటే అనేవాడు, అని కూలి మాత్రం పెంచేవాడు కాదు. ఆ సంగతి ఇంకో మీటింగులో. ఒకరోజు నేను వెళ్ళేసరికి పెరట్లో బేసిన్లో ఒక లేసు ముక్క నానుతోంది. నీళ్ళల్లో నిమ్మచెక్కలు. తెల్లటి దారం మీద పెసరగింజంత గోధుమరంగు మరక. ఏజెంటు వెనక్కి ఇచ్చేశాడట, కూలి కోసేశాడట. "ఈ మరకేంటక్కా?" అన్నాను. "ఏం లేదే, వేడి చేసింది" అంది.

అక్కకి ముట్లు ఆగిపోయి అప్పటికి అయిదేళ్ళు.

ఊళ్ళో డాక్టరు అని మనం పిలిచే ఆయన రక్తం ఆగే మాత్రలు ఇచ్చాడు. ఆగింది. రెండు నెలలకి మళ్ళీ కనబడింది. మళ్ళీ మాత్రలు, మళ్ళీ ఆగింది. ఇలా పదకొండు నెలలు. ఆ మాత్ర వేసుకుంటే చుక్క కనబడదు కానీ లోపల ఉన్నది లోపలే ఉంటుంది. సబ్జా గింజలు, కొబ్బరినీళ్ళు సరేసరి. పక్కింటావిడ "మళ్ళీ వయసొచ్చిందేమోలే" అని నవ్వితే మా అక్క కూడా నవ్వింది.

ఆయన్ని తిట్టుకోవడం తేలిక. నేనేం చేశానో చెప్పాలి కదా. ఆ పదకొండు నెలల మధ్యలో ఒకసారి అక్క నాకు ఫోన్ చేసింది. పల్స్ పోలియో రోజు. ఐస్‌ బాక్సు భుజాన వేసుకుని లంకకి పోవడానికి రేవులో పంట కోసం నిలబడున్నాను. "కొంచెం కనబడిందే" అంది. "వేడై ఉంటుంది, మజ్జిగ తాగు" అన్నాను. నేనే. నర్సమ్మనే. పంట వచ్చింది, ఎక్కేశాను.

చించినాడ వంతెన దాటించి కాకినాడ తీసుకెళ్ళేసరికి గర్భసంచి లోపలి పొర పద్నాలుగు మిల్లీమీటర్లు ఉంది. ముక్క తీసి పరీక్షకి పంపితే క్యాన్సర్ అని వచ్చింది. ఆపరేషన్ చేశారు, కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. నాలుగేళ్ళు బతికింది.

ఏమ్మా, ఎందుకలా తల దించుకున్నారు? భయపెట్టడానికి చెప్పడం లేదు. వినండి. ముట్లు ఆగి పన్నెండు నెలలు నిండాక కనబడే రక్తం ఏదైనా సరే, చూపించుకోవాలి. ఒక్క చుక్కైనా, గులాబీ రంగైనా, ఒక్కసారే అయినా. అలా కనబడిన పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి క్యాన్సర్ ఉండదు. పొర పలచబడి ఎండిపోవడమో, చిన్న పిలకలాంటి కండ, పాలిప్ అంటారు, అదో అయి ఉంటుంది. కానీ ఆ గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ వచ్చినవాళ్ళలో మాత్రం పదికి తొమ్మిదిమందికి ఈ రక్తం కనబడే ఉంటుంది. ముందే వచ్చి తలుపు తట్టే జబ్బులు ఎన్నుంటాయి చెప్పండి? సుగర్, ఒళ్ళు ఉన్నవాళ్ళు, రొమ్ము క్యాన్సర్‌కి టామోక్సిఫెన్ వాడేవాళ్ళు ఇంకాస్త జాగ్రత్త.

పరీక్ష ఏంటంటారా? కిందనుంచి చేసే స్కానింగు. పొర నాలుగు మిల్లీమీటర్లు, అంటే మినపగింజ మందం మించకపోతే చాలావరకు ధైర్యమే. మించితే ముక్క పరీక్ష. పలచగా ఉన్నా రక్తం మళ్ళీ మళ్ళీ వస్తుంటే అప్పుడూ ముక్క పరీక్షే. గర్భసంచి ముఖద్వారం కూడా చూడమని మీరే అడగండి.

"ఇదంతా ఎందుకు, సంచి తీయించేస్తే పోలా" అని ఎవరో అన్నారు, వినబడింది. అక్కడికే వస్తున్నా. అసలు నా కోపమంతా అక్కడే ఉంది. 2015–16 కుటుంబ ఆరోగ్య సర్వేలో 49 ఏళ్ళలోపు ఆడవాళ్ళని లెక్కేస్తే, గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. మన ఆంధ్రలో దాదాపు తొమ్మిదిమంది. మా తోడికోడలికి ముప్పై ఆరేళ్ళకి తెల్లబట్ట అని సంచీ తీసేశారు, పనిలో పనిగా అండాశయాలు రెండూ తీసేశారు. ఏ ఆసుపత్రో చెప్పను. తీయక్కర్లేని వయసులో పరుగెత్తి తీయించుకుంటాం, చూపించుకోవాల్సిన వయసులో బేసిన్లో నిమ్మచెక్క వేసి నానబెడతాం!

మా తోడికోడలికి వారం తిరక్కుండా ఒంట్లోంచి వేడి ఆవిర్లు మొదలయ్యాయి. పన్నెండేళ్ళ తర్వాత కాలువ రేవు మెట్ల మీద జారితే మణికట్టు పుటుక్కుమంది. అంత చిన్న వయసులో అండాశయాలు పోతే ఎముకలు బలహీనపడతాయి, అందుకే మామూలుగా ముట్లు ఆగే వయసు దాకా హార్మోన్ మందు ఇవ్వాలి, వేరే అడ్డు లేకపోతే. ఆమెకి ఎవరూ చెప్పలేదు. నేను అడిగితే "హార్మోన్లా? క్యాన్సర్ వస్తుందటగా" అంది.

ఆ భయం 2002లో అమెరికా నుంచి వచ్చింది. పెద్ద పరిశోధన ఒకటి మధ్యలో ఆపేశారు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ లాంటిది, రెండు హార్మోన్లూ కలిపి వాడిన పదివేలమందిలో ఏడాదికి ఎనిమిదిమందికి అదనంగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది. పక్షవాతం, రక్తం గడ్డలు కూడా కొంత పెరిగాయి, తుంటి ఎముకలు విరగడం తగ్గింది. కానీ అందులో చేరినవాళ్ళ సగటు వయసు 63. యాభై దగ్గర ఆవిర్లతో నిద్రలేనివాళ్ళ లెక్క వేరు. అరవైలోపు, ముట్లు ఆగి పదేళ్ళలోపు మొదలుపెడితే చాలామందికి మేలే ఎక్కువ అని ఇప్పుడు డాక్టర్లు అంటున్నారు. అలాగని అందరికీ కాదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు, కాళ్ళలో రక్తం గడ్డకట్టినవాళ్ళు, లివర్ జబ్బున్నవాళ్ళు ముందే చెప్పాలి.

ఒక్కటి మాత్రం రాసి పెట్టుకోండి. గర్భసంచి ఉన్నవాళ్ళు ఈస్ట్రోజన్ ఒక్కటే మింగకూడదు, పొర మందమవుతుంది. తోడు ప్రొజెస్టరాన్ ఉండాల్సిందే. పక్క ఊరి వదినగారి చీటీ తీసుకుని మెడికల్ షాపుకి వెళ్ళేవాళ్ళూ, మీకే చెప్తున్నా. ఆవిడకి సంచి లేదు, మీకుంది. మందు మొదలెట్టిన మూడు నుంచి ఆరు నెలలు అప్పుడప్పుడూ మరక కనబడటం మామూలే, అయినా డాక్టరుకి చెప్పండి. ఆ తర్వాత కనబడితే మందు వల్లేలే అని కూర్చోవద్దు. ఇక రక్తం ఎందుకు వచ్చిందో తేలకముందే హార్మోన్ మొదలెట్టడం అసలే వద్దు. కింద ఎండిపోయి మంట ఒక్కటే బాధైతే, మాత్రలు కాదు, అక్కడే రాసుకునే క్రీము సరిపోతుంది.

సంఘం వాళ్ళు గడియారం చూపిస్తున్నారు. కళ్ళజోళ్ళ గురించి డాక్టరుగారు చెప్తారు. నేను నాలుగున్నర బస్సు దాకా ఇక్కడే ఉంటాను, వెనకాల వేపచెట్టు కింద అరుగు మీద. మైకుండదు. మీకు కాదు, మీ అత్తగారికి అని చెప్పి అడిగినా నేనేమీ అనుకోను.