మంచినీళ్ళు తాగకుండా బజారుకు

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసల్లో ఉన్న నా పూర్వ విద్యార్థులకు, వెనకాల ఫ్యాను కింద చోటు చూసుకుని కూర్చున్న తెలివైనవాళ్ళకు నమస్కారం. ఈ ఎండల్లో శాలువా కప్పారు, ఎదురుగా మంచినీళ్ళ సీసా పెట్టారు. సంతోషం.

నాకిచ్చిన అంశం 'మన నెల్లూరు: నాడు, నేడు'. ఈ అంశం ఇస్తే తిక్కన సోమయాజితో మొదలుపెట్టి చేపల పులుసుతో ముగించడం మనకు అలవాటు. తిక్కనగారి గురించి నాకంటే బాగా చెప్పగలవాళ్ళు వేదిక మీదే ఇద్దరున్నారు. చేపల పులుసు సంగతి ఒక్క మాటలో చెబుతాను: వండిన పూటే తినేవాళ్ళు ఈ ఊరివాళ్ళు కారు. మామిడికాయ ముక్క పులుసులో రాత్రంతా నానాలి. అయిపోయింది. ఇక నేను చెప్పాలనుకున్నది చెప్పనివ్వండి.

1979లో కావలి నుంచి మూలాపేటకు కోడలిగా వచ్చాను. ఆ తరవాత ఈ ఊరు వదిలింది లేదు. మాకు బయటికి వెళ్ళడమంటే రంగనాయకుల గుడి, లేదంటే సినిమా, లేదంటే ట్రంకు రోడ్డు. గుడి దగ్గర పెన్న గాలికి కాసేపు కూర్చుంటే పగటి ఉక్క అంతా పోయేది. సినిమా పిచ్చి గురించి మీకు చెప్పనక్కరలేదు. కనకమహల్ సెంటర్, నర్తకి సెంటర్, చివరికి రైలు గేటు కూడా విజయమహల్ గేటే! దేవుళ్ళ పేర్లకంటే సినిమా హాళ్ళ పేర్లతోనే ఈ ఊళ్ళో దారి సులువుగా తెలుస్తుంది.

ఆ సినిమా హాలే ఒకసారి మా పరువు కాపాడింది. 1986లో మా ఆడపడుచు పెళ్ళికి చీరలు కొనడానికి ట్రంకు రోడ్డుకు వెళ్ళాం. అత్తగారు, పినత్తగారు, తోటికోడలు, పెళ్ళికూతురు, నేను. వైశాఖ మాసం. భోంచేసి బయల్దేరాం. కొట్టతను చీర మీద చీర విప్పి పరుస్తున్నాడు, మా అత్తగారు ఒక్కో అంచూ గోటితో గీకి చూస్తున్నారు. కుర్రాడు గోళీసోడాలు తెచ్చాడు. ఎవరూ ముట్టుకోలేదు. మూడు గంటలయ్యేసరికి పినత్తగారు నా మోచేయి గిల్లి, చెవిలో విషయం చెప్పారు. నేను కుర్రాణ్ణి అడిగాను. కుర్రాడు యజమాని వంక చూశాడు. యజమాని పైకప్పు వంక చూశాడు. "ఇక్కడ లేదమ్మా, పక్క సందులో చూడండి" అన్నాడు. పక్క సందులో ఉన్నది ఒక గోడ. మగవాళ్ళకు గోడ చాలు. నవ్వండి, ఫరవాలేదు, నేనూ ఇప్పుడు నవ్వుతున్నాను. ఆ రోజు ఎవరం నవ్వలేదు.

మా అత్తగారే ఉపాయం చెప్పారు. దగ్గర్లోని హాల్లో మ్యాట్నీ మొదలైపోయింది. అయిదు టిక్కెట్లు కొన్నాం. లోపలికి వెళ్ళాం, పావుగంటలో బయటికి వచ్చేశాం. టిక్కెట్లు చించిన అతను కంగారుపడి, "ఏమ్మా, బొమ్మ బాగాలేదా?" అన్నాడు. మా అత్తగారు ఏమాత్రం తడుముకోకుండా, "బొమ్మ బ్రహ్మాండం నాయనా, మేం వచ్చిన పని అయిపోయింది" అన్నారు. ఆ సినిమా ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

అధ్యక్షులవారు ఇబ్బందిగా కదులుతున్నారు. సభలో ఇలాంటి మాటలేమిటని కదా అండీ? ముప్పై ఒక్క ఏళ్ళు జీవశాస్త్రం చెప్పాను. మూత్రపిండాలు బల్ల మీద సుద్దముక్కతో గీసి, "రోజుకు రెండు లీటర్లయినా నీళ్ళు తాగాలర్రా" అనేదాన్ని. సాయంత్రం గంట కొట్టాక చూస్తే ఆడపిల్లల సంచుల్లో నీళ్ళ సీసాలు పొద్దున ఎలా వచ్చాయో అలాగే నిండుగా ఉండేవి. ఒక రోజు తొమ్మిదో తరగతి పిల్ల లేచి, "తాగితే ఎక్కడికి వెళ్ళాలి టీచర్?" అంది. సమాధానం చెప్పలేకపోయాను. ఆ పూట నేనూ గుక్కెడు నీళ్ళు తాగలేదు.

మూత్రం బయటికి వచ్చే దారి ఆడవాళ్ళలో పొట్టి. సూక్ష్మజీవులు తొందరగా మూత్రాశయంలోకి చేరతాయి. నీళ్ళు తాగి ఎప్పటికప్పుడు పోస్తే కొట్టుకుపోతాయి. తాగకుండా బిగబట్టుకుంటే మంట, జ్వరం, ఆస్పత్రి. ఇది పాఠంలో ఉన్నదే. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండ ఎలా ఉంటుందో తెలిసి కూడా బజారుకు బయల్దేరే ఆడది గొంతు ఎండబెట్టుకునే వెళుతుంది.

ఇప్పుడు మారలేదా అంటారు. మారింది. కొట్లకు చల్లటి గాలి వచ్చింది, లిఫ్టు వచ్చింది, పిల్లలు ఆడుకోవడానికి బొమ్మల గది వచ్చింది. పోయిన నెల కోడలితో వెళ్ళి అడిగితే, "స్టాఫ్‌కి మాత్రమే మేడమ్" అన్నారు. 1986లో లేదన్నారు, ఇప్పుడు ఉంది కాని మీకు కాదంటున్నారు. హోటల్లో కూర్చుని కాఫీ తెప్పించుకుంటే పని జరుగుతుంది. కాని ఆ కాఫీ తాగినందుకు గంటలో మరో హోటలు వెతుక్కోవాలి! ఒక మార్కెట్టు దగ్గర చక్కగా కట్టిన గదులున్నాయి, పలకరాళ్ళు కూడా వేశారు. తాళం వేసి ఉంటుంది. చెవి ఎదురుగా టీ కొట్టులో ఉంటుంది. పదిమంది మగవాళ్ళు టీ తాగుతున్న చోటికి వెళ్ళి ఆ చెవి అడగాలి. మీ ఇంట్లో ఆడవాళ్ళు అడుగుతారా?

చేతకాదని మాత్రం అనకండి. మొహర్రంలో రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు గట్టున, బారాషహీద్ దర్గా చుట్టూ జనం ఇసక వేస్తే రాలనంతగా వస్తారు. మన రాష్ట్రం నుంచే కాదు, తమిళనాడు, కర్ణాటకల నుంచి కూడా. ఆ నాలుగైదు రోజులకు వరసగా తాత్కాలిక మరుగుదొడ్లు వెలుస్తాయి, నీళ్ళు వస్తాయి, ఊడ్చేవాళ్ళు ఉంటారు. పండుగ అయ్యాక అన్నీ వెళ్ళిపోతాయి. వచ్చిపోయేవాళ్ళకు చేసిన మర్యాద ఊళ్ళోవాళ్ళకు చేయకూడదా?

కిందటేడు నేనూ ఆ చెరువులో దిగాను. మోకాలి లోతు నీళ్ళలో చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఇల్లు రొట్టె, వీసా రొట్టె అని అరుస్తున్నారు. కోరిక తీరినవాళ్ళు రొట్టె తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు పుచ్చుకుంటారు. నా కోరిక పేరు పెట్టి గట్టిగా అడుగుదామని నోటిదాకా వచ్చింది. ఆ కోరిక తీరినవాళ్ళు ఉంటే కదా నాకు రొట్టె ఇచ్చేది! ఆరోగ్య రొట్టె పుచ్చుకుని వచ్చేశాను.

ఈ సభలో ట్రంకు రోడ్డులో కొట్లున్నవాళ్ళు చేతులెత్తండి. సిగ్గుపడకండి. నలుగురు... కాదు, అయిదుగురు. మీ అద్దాల తలుపు మీద కార్డులు తీసుకుంటామని అంటించారు కదా. దాని కింద 'ఆడవాళ్ళు లోపలికి వచ్చి మరుగుదొడ్డి వాడుకోవచ్చు, ఏమీ కొననక్కరలేదు' అని ఒక కాగితం అంటించండి. రేపే. నేను వచ్చి చూస్తాను. మీలో ఇద్దరు నా దగ్గర చదువుకున్నవాళ్ళు. నేను వస్తానంటే వస్తానని మీకు తెలుసు.

సమయం అయిందని చీటీ వచ్చింది. మెట్ట పంటల గురించి, మైపాడు సముద్రం గురించి తరవాతి వక్త చెబుతారు. సీసా మూత తీయలేదేమని ఇందాకటి నుంచి ఈ అబ్బాయి నన్నే చూస్తున్నాడు. బాబూ, ఈ హాల్లో ఆడవాళ్ళ గది తాళం చెవి ఎవరి దగ్గరుందో కాస్త కనుక్కుని రా. అప్పుడు తాగుతాను.