మీ ట్రైనింగ్ గంటలు మింగేస్తే ఎవరి ఇంటి గోడకో బూజు పడుతుంది

ముందు ఒక్క మాట చెప్పేస్తాను, ఆ తర్వాత మీరు నన్ను ఎంత తిట్టుకున్నా సరే. ఇంగ్లండ్‌లో సోషల్ హౌసింగ్‌లో, అంటే తక్కువ అద్దెకి ఇళ్లిచ్చే కౌన్సిళ్లలో, హౌసింగ్ సంస్థల్లో పనిచేస్తూ, టీమ్ లీడర్ అప్రెంటిస్‌షిప్ (ఉద్యోగంలో ఉంటూనే నేర్చుకునే కోర్సు) చదివేవాళ్ల దగ్గర ట్రైనింగ్ గంటలు ఎవరైనా లాక్కుంటే, ఆ గంటలు గాల్లో కలిసిపోవు. ఎక్కడో ఒక ఫ్లాట్‌లో, ఒక పిల్లాడి మంచం పక్కన గోడ మీద నల్లటి బూజై తేలతాయి. అవును, అదే అంటున్నాను. మీ ట్రైనింగ్ టైమ్ మింగేయడానికీ ఆ గోడ మీద బూజుకీ నేరుగా సంబంధం ఉంది.

పోయిన వీడియో కింద జరిగిన గొడవ మీరందరూ చూసిందే. ఎమ్మెస్సీ చదివిన నేను 42 ఏళ్ల వయసులో లెవెల్ 3 అప్రెంటిస్‌షిప్ చేశానని చెప్పినందుకు ఎన్ని మాటలన్నారో. "అప్రెంటిస్ అంటే ఐటీఐ అయ్యాక రైల్వే వర్క్‌షాపులో కుర్రాళ్లు చేసేది కదా అక్కా" అని ఒకరు, "లెవెల్ 3 అంటే మన ఇంటర్‌తో సమానం, మళ్లీ వెనక్కి చదివారా" అని ఇంకొకరు. వీటికి జవాబు చిన్నదే. ఇక్కడ అప్రెంటిస్‌షిప్‌కి పైవయసు పరిమితి లేదు, ఉద్యోగంలో ఉన్నవాళ్లే చేరొచ్చు, ఫీజు మన జేబులోంచి పోదు. 2017 నుంచి, జీతాల ఖర్చు ఏడాదికి 30 లక్షల పౌండ్లు దాటిన సంస్థలన్నీ ఆ దాటిన మొత్తం మీద 0.5 శాతం లెవీ, అంటే ట్రైనింగ్ కోసం ప్రభుత్వం వసూలు చేసే పన్ను, కడుతున్నాయి, మన ఫీజు ఆ డబ్బులోంచే వస్తుంది. నా జీతం ఒక్క పౌండు కూడా తగ్గలేదు. ఇక ఆ విషయం వదిలేద్దాం.

నాకు కోపం తెప్పించింది రెండో రకం కామెంట్లు. "టీమ్ లీడర్ ట్రైనింగ్ అంటే నాలుగు పవర్‌పాయింట్లు, అసలు పని మానేసి కూర్చోవడం" అన్నారు చూడండి, వాళ్ల కోసమే ఈ వీడియో.

అవాబ్ ఇషాక్ అనే పిల్లాడి పేరు మీరు వినే ఉంటారు. రోచ్‌డేల్‌లో హౌసింగ్ సంస్థవాళ్ల ఫ్లాట్‌లో ఉన్న కుటుంబం, 2020 డిసెంబర్‌లో, రెండో పుట్టినరోజు దాటిన కొద్ది రోజులకే ఆ పిల్లాడు చనిపోయాడు. ఇంట్లో బూజు చాలాకాలం పీల్చడం వల్లే అని 2022లో కరోనర్, అంటే మరణాలకి కారణం విచారించే అధికారి, తేల్చి చెప్పారు. వాళ్ల నాన్న 2017లోనే ఫిర్యాదు చేస్తే, పైన పెయింట్ వేసుకోమన్నారు. 2020లో ఆయన లాయర్ దగ్గరికి వెళ్తే, లాయర్లతో ఒప్పందం కుదిరేదాకా రిపేర్ చేయకూడదన్నది ఆ సంస్థ పద్ధతి. అంటే కాగితాలు తేలేదాకా గోడ అలాగే ఉండాలన్నమాట.

ఇంకో మాట ఉంది, మన తెలుగువాళ్లకి మరీ తగలాల్సిన మాట. ఆ కుటుంబం సూడాన్ నుంచి వచ్చింది. బూజు ఎందుకొచ్చిందంటే వాళ్ల స్నానం పద్ధతే కారణం, బకెట్‌తో స్నానం చేస్తారు కాబట్టి అని ఆ సంస్థవాళ్లు అనుకున్నారు. వాళ్లు అలా చేయనేలేదు. ఆ కుటుంబం జీవనశైలి గురించి తప్పుగా ఊహించామని తర్వాత సంస్థ కూడా ఒప్పుకుంది. బకెట్టూ మగ్గూ! నేను ఈ దేశం వచ్చి పద్నాలుగేళ్లయింది, ఇవాళ్టికీ మా బాత్రూమ్‌లో బకెట్టూ మగ్గూ ఉన్నాయి, ఈ వీడియో చూస్తున్న మీలో సగం మంది ఇళ్లల్లోనూ ఉంటాయి. మన గురించి కూడా ఏదో ఒక ఫైల్లో ఆ వాక్యం రాసి కేసు మూసేయొచ్చు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు నా వాదన వినండి. అందరూ పైవాళ్లనే తిడతారు, లేదంటే ఇంటికొచ్చిన హౌసింగ్ ఆఫీసర్ని, అంటే అద్దెకున్నవాళ్ల ఫిర్యాదులు చూసే ఉద్యోగిని తిడతారు. నేను చూసినంతలో ఫిర్యాదు బతికేదీ చచ్చేదీ మధ్యలో ఉన్న కుర్చీ దగ్గర, అంటే టీమ్ లీడర్ దగ్గర. ఆఫీసర్ రాసిన నోట్ చదివి "ఇల్లు చూశావా? ఎందుకు క్లోజ్ చేశావ్?" అని అడగాల్సిన మొదటి మనిషి టీమ్ లీడరే. ఆ కుర్చీలోకి మనుషులు ఎలా వస్తారో తెలుసా? శుక్రవారం దాకా హౌసింగ్ ఆఫీసర్, సోమవారం నుంచి టీమ్ లీడర్. మధ్యలో శని ఆదివారాలు తప్ప ఇంకేమీ ఉండదు.

నేనూ అలా వచ్చినదాన్నే. ఏ సంస్థో చెప్పను. మా టీమ్‌లో ఇరవై ఏళ్ల సర్వీసున్న పెద్దాయన ఉన్నారు. ఆయన దగ్గర ఒక కేసు, ఇద్దరు చిన్నపిల్లలున్న తల్లి, బెడ్‌రూమ్‌లో చెమ్మ. "కిటికీలు తెరవమని, బట్టలు లోపల ఆరేయొద్దని చెప్పాం" అని నోట్ రాసి క్లోజ్ చేశారు. ఆవిడ మళ్లీ ఫోన్ చేశారు, మళ్లీ అదే నోట్, మళ్లీ క్లోజ్. రెండోసారే నా కంట పడింది. అడగాలని ఆయన టేబుల్ దాకా వెళ్లి, వాతావరణం గురించి మాట్లాడి వెనక్కి వచ్చేశాను. పెద్దవాళ్లని లెక్క అడగడం మన పెంపకంలోనే లేదు కదండీ, పైగా నిన్నటిదాకా నాకు పని నేర్పిన మనిషి.

ఆ పని ఎలా చేయాలో చెప్పే క్లాసు, అంటే ఇబ్బందికరమైన సంభాషణ ఎలా నడపాలనే సెషన్, దానికి సరిగ్గా రెండు వారాల ముందే ఉంది. నన్ను వెళ్లనివ్వలేదు. ఫోన్లు ఎత్తడానికి మనుషులు లేరన్నారు, "రికార్డింగ్ ఇంటికెళ్లి రాత్రి చూసుకో" అన్నారు. నేను సరే అన్నాను. ఆ "సరే" ఖరీదు ఆరు వారాలు. నేను ఆరు వారాల తర్వాత ఆ సెషన్ చేస్తే, అందులో చెప్పింది ఎంత మామూలు సంగతో! మనిషి మీద మాట అనకు, నువ్వు చూసిన విషయం చెప్పు, ప్రశ్న అడిగి ఆగు, జవాబు వచ్చేదాకా మౌనంగా ఉండు, ఏ తేదీకి ఏం చేయాలో ఇద్దరూ కలిసి రాసుకోండి. అంతే. మర్నాడే ఆయన్ని కూర్చోబెట్టి అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత మొత్తం బయటపెట్టారు. పక్క ఆఫీసర్ మానేశాక ఆ ఇళ్లు కూడా ఆయన నెత్తిన పడ్డాయి, ఇళ్లకి వెళ్లే టైమ్ లేక ఫోన్ మీదే ముగిస్తున్నారు. ఆ సాయంత్రమే ఇద్దరం కలిసి ఆ ఇంటికి వెళ్లాం. బీరువా జరిపితే గోడంతా నల్లగా ఉంది. బయటికెళ్లి చూస్తే పైన గట్టర్ (కప్పు అంచున వాన నీళ్లు పోయే గొట్టం) పగిలి వాన నీళ్లు ఏకంగా గోడలోకి ఇంకుతున్నాయి. కిటికీ తెరిస్తే గట్టర్ బాగవుతుందా? ఆ పాప మంచం మీద ఇన్‌హేలర్ ఉంది. నేను కార్లోకి వచ్చి ఏడ్చాను.

ఇప్పుడు చెప్పండి, ఆ క్లాసు టైమ్ వేస్టా?

ఆ గంటలు మన హక్కు, ఎవరో దయతో ఇచ్చేవి కావు. నేను చేరినప్పుడు ఫుల్‌టైమ్ వాళ్లకి వారానికి కనీసం 6 గంటలు ట్రైనింగ్ ఉండాలని రూలు, 2025 ఆగస్టు నుంచి చేరినవాళ్లకి ఒక్కో కోర్సుకి మొత్తం ఇన్ని గంటలని ముందే పెట్టేశారు. ఏదైనా సరే అది జీతం వచ్చే పనివేళల్లోనే జరగాలి. రాత్రి పదకొండింటికి పిల్లలు పడుకున్నాక చేసేది కాదు, ఒకవేళ పనివేళల బయట చేయాల్సి వస్తే ఆ టైమ్ తిరిగి ఇవ్వాలి, లేదా దానికి డబ్బివ్వాలి. మీ మేనేజర్ వినకపోతే ట్రైనింగ్ ప్రొవైడర్ (కోర్సు నడిపే సంస్థ) కోచ్‌కి ఈమెయిల్ పెట్టండి, నోటిమాటగా వద్దు, రాతపూర్వకంగా పెట్టండి. నేను అలా పెట్టాకే బుధవారం మధ్యాహ్నాలు నావయ్యాయి. తర్వాత ఆ గట్టర్ కేసే నా పోర్ట్‌ఫోలియోలో, అంటే పరీక్షకి చూపించే పనుల ఫైల్లో పెట్టాను, చివరి పరీక్షలో అసెస్సర్ ఎక్కువసేపు అడిగింది దాని గురించే.

"సరే, ఇప్పుడు చట్టాలొచ్చాయి కదా" అంటారు. వచ్చాయి. 2025 అక్టోబర్ 27 నుంచి అవాబ్ పేరు మీదే చట్టం అమల్లోకి వచ్చింది, ఎమర్జెన్సీ ప్రమాదమైతే 24 గంటల్లోనే వచ్చి చూసి సురక్షితం చేయాలి, తీవ్రమైన చెమ్మా బూజూ అయితే 10 పనిదినాల్లో వచ్చి చూడాలి, ప్రమాదం ఉందని తేలితే ఆ తర్వాత 5 పనిదినాల్లో ఇంటిని సురక్షితం చేయాలి. బాగుంది. కానీ ఆ పది రోజులు ఎవరు లెక్కపెడతారు? ఆ మధ్య కుర్చీలో మనిషే. ఇక 2026 అక్టోబర్ నుంచి అని తేదీ పెట్టిన కొత్త నియమం చూడండి, సీనియర్ మేనేజర్లకి లెవెల్ 4, ఎగ్జిక్యూటివ్‌లకి లెవెల్ 5 హౌసింగ్ క్వాలిఫికేషన్ తప్పనిసరి అంటోంది. టీమ్ లీడర్లలో చాలామందికి అది వర్తించదు, మనం చేసే టీమ్ లీడర్ లెవెల్ 3 ఆ లెక్కలోకి రాదు. గోడకి దూరంగా కూర్చునేవాళ్లకి సర్టిఫికెట్ తప్పనిసరి, ఫిర్యాదు మీద చెయ్యి ఉన్నవాళ్లకి మాత్రం వీలుంటే చేసుకోమంటున్నారు. ఇది నాకు అస్సలు మింగుడు పడట్లేదు, ఎవరు ఎంత సర్దిచెప్పినా పడదు.

మీరు లీడ్స్‌లో ఉన్నా, బర్మింగ్‌హామ్‌లో ఉన్నా, క్రాయిడన్‌లో ఉన్నా, ఈ కోర్సు చేస్తుంటే ఇవాళే మీ ట్రైనింగ్ గంటలు రాసుకునే లాగ్ తెరవండి. పోయిన నెలలో పనివేళల్లో నిజంగా దొరికిన గంటలెన్నో లెక్కపెట్టి ఆ అంకె కింద కామెంట్‌లో పెట్టండి. సంస్థ పేరు వద్దు, మేనేజర్ పేరు వద్దు, అంకె చాలు. సున్నా అయితే సున్నా అని పెట్టండి. వచ్చే ఆదివారం ఆ అంకెలన్నీ తెర మీద ఒక్కొక్కటిగా చదువుతాను.