ఫోన్-ఇన్: విద్యార్థి క్రీడా విలేకరులు పాటించవలసిన ప్రమాణాలు

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. చదువుకుంటూనే కళాశాల పత్రికలకు, విద్యార్థి ఛానళ్లకు క్రీడా వార్తలు రాస్తున్నవారి సందేహాల కోసం ఈ రోజు కార్యక్రమాన్ని కేటాయించాము. దినపత్రికలో క్రీడా పేజీ బాధ్యతలు చాలాకాలం నిర్వహించి, ఇప్పుడు జర్నలిజం బోధిస్తున్న మేడమ్ మనతో ఉన్నారు. మొదటి కాల్ వరంగల్ నుంచి. అడగండమ్మా.

శ్రోత, వరంగల్: నమస్కారం మేడమ్. నేను మా కాలేజీ కబడ్డీ జట్టులో ఆడతాను, మా విభాగం పత్రికకు క్రీడా వార్తలు కూడా నేనే రాస్తాను. ఫైనల్లో ఓడిపోయిన తరువాత డ్రెస్సింగ్ రూంలో కోచ్‌కూ కెప్టెన్‌కూ పెద్ద గొడవ జరిగింది. నేను అక్కడే ఉన్నాను. అది రాయవచ్చా?

అతిథి: ఆ గదిలోకి మీరు క్రీడాకారిణిగా వెళ్లారమ్మా, విలేకరిగా వెళ్లలేదు. మీరు తమలో ఒకరన్న నమ్మకంతో వాళ్లు మనసులో ఉన్నదంతా మాట్లాడి ఉంటారు కాబట్టి, ఆ మాటలను వార్తగా మార్చే హక్కు మీకు లేదు. అసలు మీరు ఆడే జట్టు గురించి మీరే రాయకుండా ఉండటం మంచిది. రాసేవారు మరెవరూ లేకపోతే, ఈ వార్త రాసినది జట్టు సభ్యురాలని వార్తతో పాటే పాఠకులకు తెలియజేయాలి. అయితే ఒక విషయంలో మౌనం పనికిరాదు. ఆ గదిలో జరిగినది మాటల గొడవ కాక లైంగిక వేధింపు అయితే అది జట్టు రహస్యం కాదు. బాధితురాలికి 18 ఏళ్లు నిండకపోతే, విషయం తెలిసినవారెవరైనా పోలీసులకు తెలియజేయాలని పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం చెబుతుంది. ఆ బాలిక పేరు, ఫోటో, చిరునామా, కుటుంబం, చదివే బడి, ఉండే వీధి, వీటిలో ఏదీ వార్తలో రాకూడదని కూడా అదే చట్టం చెబుతుంది.

వ్యాఖ్యాత: తరువాతి కాల్ అనంతపురం నుంచి.

శ్రోత, అనంతపురం: నమస్కారం మేడమ్. ఇక్కడ ఒక అండర్-17 టోర్నమెంటులో కొందరు వయసు తగ్గించుకుని ఆడారని చెబుతున్నారు. వాళ్లలో ఒక అబ్బాయి ఎముకల పరీక్ష ఎక్స్‌రే రిపోర్టు నాకు వాట్సాప్‌లో వచ్చింది. పేరుతో సహా వేద్దామని మా బృందంలో అందరూ అంటున్నారు.

అతిథి: ముందు ఆ కాగితం ఏమిటో అర్థం చేసుకుందాం బాబూ. ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే తీసి, ఎముకల ఎదుగుదలను బట్టి వయసును అంచనా వేసే పద్ధతి అది. టీడబ్ల్యూ3 అనే ఆ పద్ధతిని బీసీసీఐ కూడా అండర్-16 ఆటగాళ్లకు ఉపయోగించింది. అందులో తేలేది ఎముకల పరిపక్వత మాత్రమే గాని పుట్టిన తేదీ కాదు. ఒకే నెలలో పుట్టిన ఇద్దరు పిల్లల ఎముకల వయసులో ఏడాదికి పైగా తేడా ఉండటం వైద్యులకు వింత కాదు. కాబట్టి ఆ రిపోర్టు ఆధారంగా ‘ఈ అబ్బాయి మోసగాడు’ అని రాస్తే, ఆ కాగితం చెప్పని మాటను మీరు చెప్పినట్టవుతుంది. పైగా అది ఒక వ్యక్తి వైద్య సమాచారం. దాన్ని మీకు పంపినవారు ఎవరు, ఎందుకు పంపారు, జట్టులో చోటు కోసం ఆ అబ్బాయితో పోటీ పడుతున్నవారి తరఫు మనిషా అన్నది మీరు అడగనే లేదు.

శ్రోత: అయితే ఈ కథనం వదిలేయమంటారా మేడమ్?

అతిథి: వదలవద్దు. వయసు దొంగతనం వల్ల నిజంగా పదహారేళ్లున్న పిల్లవాడు బెంచీ మీదే కూర్చుండిపోతాడు, రెండేళ్ల తరువాత ఆటే మానేస్తాడు. అది రాయవలసిన అన్యాయమే. కాని మీ ప్రశ్నలను ఆ అబ్బాయి దగ్గర నుంచి పెద్దల వైపు తిప్పండి. జనన ధ్రువపత్రాన్ని ఎవరు ఇచ్చారు, పుట్టిన ఎన్నేళ్లకు నమోదు చేశారు, టోర్నమెంటు నిర్వాహకులు అసలు పత్రాలు చూశారా, నకళ్లతో సరిపెట్టుకున్నారా, ఇంతకుముందు వచ్చిన ఫిర్యాదులను ఏం చేశారు? వీటికి సమాధానాలు సంపాదించండి. పాఠశాలకు, క్రీడా సంఘానికి మీ ప్రశ్నలను రాతపూర్వకంగా పంపి, జవాబివ్వడానికి తగిన వ్యవధి ఇవ్వండి. రాత్రి పదకొండింటికి ఒక ఫోన్ చేసి, ‘వారు అందుబాటులోకి రాలేదు’ అని రాయడం వివరణ కోరడం కాదు. ఒకవేళ దొంగ ధ్రువపత్రంపై పోలీసు కేసు నమోదై, అందులో మైనరు పాత్ర ఉంటే, 2015 నాటి బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ వర్తిస్తుంది. అతని పేరు మాత్రమే కాదు, బడి పేరు రాసినా నేరమే. ఆరు నెలల వరకు జైలుశిక్ష గాని, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. విద్యార్థి పత్రికకు ప్రత్యేక మినహాయింపు ఏమీ లేదు.

ఆరోపణకు, నిర్ధారణకు మధ్య ఎంత దూరం ఉంటుందో హైదరాబాదు క్రికెట్ చరిత్రలోనే చూడవచ్చు. మ్యాచ్ ఫిక్సింగ్ వ్యవహారంలో బీసీసీఐ 2000 డిసెంబరులో భారత జట్టు మాజీ కెప్టెన్ అజహరుద్దీన్‌పై జీవితకాల నిషేధం విధించింది. ఆ నిషేధం చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2012 నవంబరులో తీర్పు చెప్పింది. ఈ రెండింటిలో ఒకదాన్నే రాసి ఊరుకున్నవారు పాఠకుడికి సగం నిజమే అందించినవారవుతారు. డోపింగ్, అంటే నిషిద్ధ మందుల వాడకం, వార్తల్లోనూ ఇంతే. క్రీడాకారుడి నుంచి తీసుకున్న నమూనాను ‘ఏ’, ‘బీ’ అని రెండు భాగాలు చేస్తారు. ‘ఏ’ నమూనాలో నిషిద్ధ పదార్థం కనిపించి తాత్కాలిక నిషేధం పడినంత మాత్రాన విచారణ ముగిసినట్టు కాదు, ‘బీ’ నమూనాను పరీక్షించమని కోరే హక్కు క్రీడాకారుడికి ఉంటుంది. ప్రక్రియ ఏ దశలో ఉందో ఆ దశ పేరుతోనే రాయండి.

వ్యాఖ్యాత: నెల్లూరు నుంచి ఒక తల్లి లైనులో ఉన్నారు.

శ్రోత, నెల్లూరు: మేడమ్, మా పాపకు పదిహేనేళ్లు. జిల్లా పోటీల్లో 800 మీటర్ల పరుగు మధ్యలో పడిపోయి ఏడ్చింది. కాలేజీ పిల్లలు కొందరు దాన్ని దగ్గర నుంచి వీడియో తీసి, ఏవేవో మాటలు జోడించి పెట్టారు. పాప మైదానానికి వెళ్లనంటోంది. తీసేయమంటే, అందరూ చూసేచోట జరిగింది కదా అంటున్నారు.

అతిథి: మీ బాధ న్యాయమైనదమ్మా. ఆ విద్యార్థుల విభాగాధిపతికి వీడియో లింకు, తేదీ, మీ అమ్మాయి వయసు తెలుపుతూ ఈ రోజే లేఖ రాయండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. విద్యార్థులకు నేను చెప్పేది ఒక్కటే. ఆమె పరుగు పూర్తి చేయలేకపోయిందన్నది పోటీ ఫలితం, దాన్ని ఒక వాక్యంలో రాయవచ్చు. పడిపోయిన పిల్ల ముఖాన్ని నెమ్మదిగా చూపించడం వల్ల ఆ పరుగు గురించి ఎవరికీ కొత్తగా ఏమీ తెలియదు. స్టేడియం తలుపులు తెరిచి ఉన్నంత మాత్రాన మైనరు బాధను చూపించడానికి అనుమతి లభించినట్టు కాదు. ఇంటర్వ్యూ అయినా, దగ్గర నుంచి తీసే వీడియో అయినా, తల్లిదండ్రులు ఒప్పుకోవాలి, ఆ పిల్ల కూడా ఒప్పుకోవాలి. కోచ్ సరేనంటే సరిపోదు.

వ్యాఖ్యాత: చివరి కాల్ హైదరాబాదు నుంచి, క్లుప్తంగా అడగండి.

శ్రోత, హైదరాబాద్: మేడమ్, రెండు ప్రశ్నలు. మహిళల క్రికెట్ టోర్నమెంటు నిర్వాహకులు మాకు బూట్లు, ట్రాక్‌సూట్ ఇస్తామన్నారు. తీసుకోవచ్చా? వార్తలో తప్పు దొర్లితే దాన్ని తొలగిస్తే సరిపోతుందా?

అతిథి: మంచినీళ్లు, భోజనం, స్కోరు షీటు తీసుకోండి. బూట్లు, ట్రాక్‌సూట్ మర్యాదగా తిరిగి ఇచ్చేయండి. మహిళా క్రీడాకారులను ప్రశ్నించేటప్పుడు, 2017 ప్రపంచకప్‌కు ముందు మిథాలీ రాజ్‌కు ఎదురైన ప్రశ్నను గుర్తుంచుకోండి. మీకు ఇష్టమైన పురుష క్రికెటర్ ఎవరని అడిగితే, ఇదే ప్రశ్న పురుషులను అడుగుతారా అని ఆమె నిలదీశారు. ఇక తప్పు విషయానికొస్తే, వార్తను చప్పుడు లేకుండా తొలగించవద్దు. ఏది తప్పుగా వచ్చింది, సరైనది ఏమిటి, ఎప్పుడు సవరించారు అన్నవి అదే పేజీలో, వార్త పైభాగంలో రాయండి. ఆ తప్పు వల్ల ఇబ్బందిపడిన క్రీడాకారిణికి పాఠకులకన్నా ముందు మీరే స్వయంగా ఫోన్ చేసి చెప్పండి.