మక్కలు, అదే మొక్కజొన్న, వేడి చేస్తాయా? గొర్రె పొట్టలో అసలు వేడి ఎక్కడిది?

మే నెల వచ్చిందంటే ప్రతి మంద దగ్గరా ఇదే మాట: "మక్కలు వేడండీ, దాణా ఆపేశాం. వరిగడ్డి మీదే ఉంచుతున్నాం." సరిగ్గా తలకిందులు! ఇవాళ ఇదొక్కటీ తేల్చేద్దాం.

పెంటకుప్పను పారతో తవ్వి చూడండి. పైన పొడిగా ఉంటుంది, లోపల చెయ్యి పెట్టలేం, పొగలొస్తాయి. నిప్పు ఎవరు పెట్టారు? ఎవరూ పెట్టలేదు. సూక్ష్మజీవులు గడ్డిని కుళ్లబెడుతుంటే పుట్టిన వేడి అది. గొర్రె పెద్ద పొట్టలో, అదే రూమెన్‌లో, రోజూ జరిగేది ఇదే పని.

ఈ కుప్పలో ఎంత మొరటు పీచు పడితే అంత వేడి. వరిగడ్డి, ముదిరిన జొన్న చొప్ప ఇచ్చే శక్తిలో చాలా భాగం వేడిగానే పోతుంది. అంతే శక్తి మక్కల నూకతో అందితే పుట్టే వేడి తక్కువ. పైగా ఎండకి గొర్రె ఎలాగూ మేత తగ్గిస్తుంది. తినే ఆ కాస్తలోనూ సత్తువ లేకపోతే తల్లికి పాలు ఎక్కణ్ణుంచి వస్తాయి?

అలాగని మాంసకృత్తులు ఎక్కువుండే వేరుశనగ చెక్క గుమ్మరించకండి. ఎక్కువైన మాంసకృత్తులను యూరియాగా మార్చి మూత్రంలో పంపడమూ వేడి పుట్టించే పనే.

30 కిలోల గొర్రెకి రోజుకి 200–250 గ్రాముల దాణా చాలు.

[తెర మీద: 100 కిలోల దాణాకి మక్కల నూక 40, వేరుశనగ చెక్క 20, తౌడు 37, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1]

50 గ్రాములతో మొదలుపెట్టి, మూడు రోజులకోసారి 50 పెంచండి. తొందరపడితే ఏమవుతుందో చెబుతాను. ఎండలో గొర్రె రొప్పుతుంది, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా పోతుంది, రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. దాన్ని సరిచేయడానికి మూత్రపిండాలు బైకార్బొనేట్‌ను బయటికి పంపేస్తాయి. లాలాజలంతో దిగి పొట్టలో పులుపును విరిచేది ఆ బైకార్బొనేటే! అది తగ్గినప్పుడు మక్కలు ఒక్కసారిగా పడితే కుప్ప పులిసిపోతుంది. గొర్రె మేత మానేస్తుంది, పుల్లటి వాసనతో పారుతుంది, కూలబడుతుంది. నింద మాత్రం మక్కల మీద! దాణాలో తలకి 5 గ్రాముల వంటసోడా కలపండి.

ఇక వేళ. కుప్ప బాగా వేడెక్కేది మేత పడ్డ కొన్ని గంటలకి. ఉదయం పదింటికి కడుపునిండా గడ్డి వేశారంటే, రెండింటికి పైన ఎండ, లోపల పెంటకుప్ప. అందుకే తెల్లవారి ఐదున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, మళ్లీ సాయంత్రం ఐదు తర్వాత మేపండి. ఎండుగడ్డి రాత్రికి వేయండి.

ఎండ తగిలిందో లేదో డొక్క చెబుతుంది. నీడలో నిలబడ్డ గొర్రె డొక్క 15 సెకన్లలో ఎన్నిసార్లు ఎగసిందో లెక్కపెట్టి, నాలుగుతో గుణించండి. మామూలుగా 20–30 ఉంటుంది. 80 దాటితే జాగ్రత్తపడండి. 120 దాటి నోరు తెరిచి రొప్పుతుంటే వెంటనే నీడ, గాలి, నీళ్లు. ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి ముద్దగా నిలబడ్డాయంటే నీడ చాలట్లేదని అర్థం. అలా ఉంటే గాలి ఆడదు, విడదీయండి.

టైం అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. నీళ్లు తలకి 5–6 లీటర్లు, తొట్టి నీడలో. సుబాబుల్ చెట్టు ఆకు మొత్తం మేతలో మూడోవంతు మించొద్దు. నీళ్లు లేక వాడిన లేత జొన్న పిలకల్లో సైనైడ్ విషం ఉంటుంది, మందను అటు పోనివ్వకండి. దక్కనీ గొర్రెల ఉన్ని మార్చిలోపే కత్తిరించండి, మేలో నున్నగా తీస్తే ఎండ నేరుగా చర్మానికే. ఉన్ని లేని నెల్లూరు జాతికి ఆ బాధ లేదు. మేకలు ఎండకి కాస్త గట్టివి, వాటికో వీడియో వేరే చేద్దాం. జూన్‌లో చూలు నిలవట్లేదంటే ఆడ గొర్రెలనే తిట్టకండి: ఎండదెబ్బ తిన్న పొట్టేలు వీర్యం కుదుటపడటానికి దాదాపు రెండు నెలలు పడుతుంది.