సవతి తల్లి రాణి: కేథరిన్ పార్

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో కూడా వచ్చినందుకు ముందుగా థాంక్స్.

లండన్‌లో నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ అని ఉంది. అందులో ఒక నిలువెత్తు బొమ్మ. జరీ గౌను, బొచ్చు అంచు చేతులు, ఎద మీద కిరీటం ఆకారంలో చిన్న పతకం. 1965లో దాన్ని కొన్నప్పుడు, ఇది కొద్ది రోజులే ఇంగ్లండు రాణిగా ఉన్న లేడీ జేన్ గ్రే బొమ్మ అనుకున్నారు. చీటీ మీద అదే రాశారు. ముప్ఫై ఏళ్లు జనం వచ్చి, చూసి, "పాపం, పదిహేడేళ్లు కూడా నిండకుండానే తల తీసేశారు కదా" అనుకుంటూ వెళ్లారు. 1996లో ఒక చరిత్రకారిణి ఆ పతకాన్ని పట్టుకున్నారు. పాత నగల జాబితాల్లో వెతికితే అదే పతకం, కేథరిన్ పార్ నగల్లో దొరికింది. మన ఇళ్లలో పాత ఫొటో చూస్తూ మొహం ఆనవాలు పట్టలేక, "ఆ కాసులపేరు మా పెద్దత్తయ్యది, అంటే ఈమె పెద్దత్తయ్యే" అంటారు చూడండి, అలాగన్నమాట.

పేరు తారుమారైన ఈ ఇద్దరూ ఒకరికొకరు తెలియనివాళ్లు కారు. జేన్ గ్రే కొన్నాళ్లు కేథరిన్ ఇంట్లోనే పెరిగింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

కేథరిన్ పార్ ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీకి ఆరో భార్య, ఆఖరి భార్య. ఆమె గురించి ఎవరినడిగినా రెండు ముక్కలు చెప్తారు: ముసలి రాజుకి పుండు కాలికి కట్టు కట్టింది, బతికి బయటపడింది. కట్టు కట్టడానికి రాజుగారికి వైద్యులున్నారండీ, రాణి అక్కర్లేదు. నేను ఈ రోజు ఆమెని ఇంకోలా చూపిద్దామనుకుంటున్నాను. సవతి తల్లిగా.

సవతి తల్లి అనగానే మనకి ధ్రువుణ్ణి తండ్రి ఒళ్లోంచి దింపేసిన సురుచి గుర్తొస్తుంది, లేదంటే సారంగధరుడి కథలో చిత్రాంగి గుర్తొస్తుంది. ఇంగ్లండు కథల్లోనూ సవతి తల్లికి మంచి పేరేమీ లేదు. కేథరిన్ మాత్రం ముప్ఫై ఆరేళ్ల జీవితంలో రెండు ఇళ్లలో ఆ పాత్ర వేసింది. ఒకసారి తప్ప, బాగానే వేసింది.

ముందు పుట్టిల్లు. పార్‌లది ఉత్తరాన కెండల్. కేథరిన్ 1512లో పుట్టింది. తర్వాత తమ్ముడు విలియం, చెల్లెలు ఆన్. 1517లో తండ్రి సర్ థామస్ పార్ పోయాడు. తల్లి మాడ్‌కి అప్పటికి పాతికేళ్లు. ఆ రోజుల్లో అంత చిన్న వయసులో భర్త పోయి, చేతిలో ఆస్తి ఉన్న ఆడమనిషికి సంబంధాలకి కొదవ ఉండదు. ఆమె మళ్లీ చేసుకోలేదు. హెన్రీ మొదటి రాణి కేథరిన్ ఆఫ్ ఆరగాన్ కొలువులో చెలికత్తెగా ఉంటూ పిల్లల్ని చదివించుకుంది. పెద్దపిల్లకి ఆ రాణి పేరే పెట్టుకుందని చెప్తారు. మొదటి భార్య పేరు పెట్టుకున్న పిల్ల ఆఖరి భార్య అవుతుందని ఎవరనుకుంటారు?

మొదటి పెళ్లి 1529లో, ఎడ్వర్డ్ బరో అనే కుర్రాడితో. నాలుగేళ్లకి అతను పోయాడు. 1534లో రెండో పెళ్లి, యార్క్‌షైర్‌లో స్నేప్ కోట యజమాని లాటిమర్ ప్రభువుతో. ఆయనకి అంతకుముందు పెళ్లిళ్లయ్యాయి, ఇద్దరు పిల్లలు, జాన్, మార్గరెట్. కేథరిన్ సవతి తల్లి అయ్యింది ఇక్కడే.

1536లో రాజు మఠాలు మూయిస్తుంటే ఉత్తరాది జనం తిరగబడ్డారు. లాటిమర్‌ని వాళ్లే లాక్కెళ్లి తమలో కలుపుకున్నారు. ఇష్టంగా వెళ్లాడా, బలవంతానా అన్నది రాజు దగ్గర తేలాల్సిన విషయం, అక్కడేమో తల పోయే వ్యవహారం. సంజాయిషీ చెప్పుకోడానికి ఆయన లండన్ బయల్దేరితే, 1537 జనవరిలో తిరుగుబాటుదారులు స్నేప్ మీద పడ్డారు. ఇల్లంతా దోచారు. నువ్వు వెనక్కి రాకపోతే నీ పెళ్లాం పిల్లల సంగతి చూస్తామని కబురు పెట్టారు. ఇరవై నాలుగేళ్ల కేథరిన్, తను కనని ఇద్దరు పిల్లలతో ఆ ఇంట్లో బందీ. ఆయన తిరిగొచ్చి ఏం నచ్చజెప్పాడో గానీ వాళ్లు వెళ్లిపోయారు. ఆ మార్గరెట్ తర్వాత కేథరిన్ రాణి అయినప్పుడు ఆమె కొలువులోనే ఉంది. చిన్న వయసులోనే చనిపోతూ వీలునామాలో రాసింది: మా అమ్మగారు నాకు చెప్పించిన చదువుకీ, చూపించిన ప్రేమకీ నేను ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా చాలవని. ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఏ సవతి తల్లికి దొరుకుతుంది?

1543లో లాటిమర్ పోయాడు. అప్పటికే రాజుగారి చూపు ఈమె మీద పడింది. ఆమె మనసులో మాత్రం ఇంకొకరున్నారు, మూడో రాణి జేన్ సీమోర్ అన్న థామస్ సీమోర్. అందగాడు, మాటకారి, బుర్ర తక్కువ. ఆ అభిప్రాయం నాది. రాజు అడిగాక కాదనే వీలెక్కడ? అంతకుముందు ఇద్దరు భార్యల తలలు తెగాయి. సీమోర్‌ని పని మీద విదేశానికి పంపేశారు. జూలై 12న హ్యాంప్టన్ కోర్టులో, పట్టుమని ఇరవై మంది ముందు, బిషప్ గార్డినర్ పెళ్లి చేయించాడు. ఈ గార్డినర్ పేరు గుర్తు పెట్టుకోండి.

ఆ ఇంట్లో ముగ్గురు పిల్లలు. మేరీకి 27, అంటే సవతి తల్లి కంటే నాలుగేళ్లే చిన్న. ఎలిజబెత్‌కి తొమ్మిది. ఎడ్వర్డ్‌కి ఐదు. మేరీ తల్లిని తండ్రే వదిలేశాడు, ఎలిజబెత్ తల్లిని తండ్రే చంపించాడు, ఎడ్వర్డ్ తల్లి పురిట్లో పోయింది. ఇలాంటి సంసారంలోకి వచ్చి కేథరిన్ చేసిన పని చాలా మామూలుది. పిల్లల్ని పిలిపించుకుంది, ఉత్తరాలు రాసింది, పుస్తకాలిచ్చింది. 1544లో రాజు ఫ్రాన్స్ మీద యుద్ధానికి వెళ్తూ రాజ్యం ఆమె చేతిలో పెట్టాడు. ఆ మూడు నెలల్లో ఆమె సైన్యానికి డబ్బూ సరుకూ పంపింది, ప్లేగు తగిలిన ఇళ్లవాళ్లు కోటలోకి రాకూడదని ఉత్తర్వు వేసింది. ఒక ఆడమనిషి కూర్చుని మంత్రుల చేత పని చేయించడం పదేళ్ల ఎలిజబెత్ చూసిందని నా ఊహ. రుజువు అడక్కండి.

ఎలిజబెత్ ఆ ఏడాది చివర సవతి తల్లికి ఒక కొత్త సంవత్సరం కానుక పంపింది. ఫ్రాన్స్‌లో నవార్ రాణి మార్గరెట్ రాసిన భక్తి కవితని తనే ఇంగ్లీషులోకి మార్చి, తన చేత్తో రాసి, అట్టకి నీలం గుడ్డ తొడిగి, వెండి దారంతో అల్లిక పెట్టి, మధ్యలో కే, పీ అక్షరాలు కుట్టింది. ఇప్పటికీ ఆక్స్‌ఫర్డ్‌లో బోడ్లియన్ లైబ్రరీలో ఉంది. దాంతోపాటు ఉత్తరం: తప్పులుంటే దిద్దండి, దిద్దేదాకా ఎవరికీ చూపించకండి. పదకొండేళ్ల పిల్ల టెన్షన్ ఎలా ఉంటుందో మనకి తెలియదా? కుట్టిన అక్షరాలు చూడండి, కే, పీ. రాణి అయ్యాక కూడా ఆమె సంతకం చివర పుట్టింటి పేరు తీసెయ్యలేదు. కేథరిన్ ది క్వీన్, కే పీ. ఎడ్వర్డ్ అయితే లాటిన్‌లో "ప్రియమైన అమ్మకి" అని రాసేవాడు. ఒకసారి ఆమె ఉత్తరంలో దస్తూరీ చూసి, ఇది గుమాస్తా రాశాడేమో అనుకున్నానని కూడా రాశాడు. మెచ్చుకోలే లెండి.

ఇక రాణివాసం. చెల్లెలు ఆన్ హెర్బర్ట్, లేడీ లేన్, లేడీ టర్విట్, లేడీ డెన్నీ, హెర్ట్‌ఫర్డ్ ప్రభువు భార్య, సఫోక్ డచెస్ కేథరిన్ విలొబీ. లెంట్ రోజుల్లో, అంటే ఈస్టర్ ముందు ఉపవాసాల రోజుల్లో, మధ్యాహ్నం పూట ఒక గంట రాణి గదిలో ఉపన్యాసం ఉండేది. చదువుకున్న ఆడవాళ్లు, బైబిలు చేతిలో పట్టుకుని వాదించుకునేవాళ్లు. ఇందులో మన డచెస్ నోటికి అదుపు లేదు. పెంపుడు కుక్కకి గార్డినర్ అని పేరు పెట్టి, నలుగురిలో "గార్డినర్, ఇలా రా" అని పిలిచేది. 1545లో రాణి తన పేరుతోనే ఇంగ్లీషులో ప్రార్థనల పుస్తకం అచ్చు వేయించింది. ఒక ఇంగ్లండు రాణి అలా చేయడం అదే మొదలు.

బిషప్ గార్డినర్‌కి పాత కాథలిక్ పద్ధతి మీద మమకారం. ఈ ఆడవాళ్ల చదువు ఆయనకి గొంతులో ముల్లు. 1546 వేసవిలో ఆన్ ఆస్క్యూ అనే ఆమెని మతద్రోహమని పట్టుకున్నారు. లండన్ టవర్ అనే కోట జైల్లో కాళ్లూ చేతులూ కట్టి రెండు వైపులా లాగే బల్ల మీద పడుకోబెట్టారు. లార్డ్ ఛాన్సలర్ రైత్స్‌లీ, రిచర్డ్ రిచ్ తామే చక్రాలు తిప్పారు. వాళ్లకి కావాల్సింది రాణి చుట్టూ ఉన్న ఆడవాళ్ల పేర్లు. ఆమె చెప్పిందింతే: నీలం కోటు వేసుకున్న ఒకతను పది షిల్లింగులు ఇచ్చి, హెర్ట్‌ఫర్డ్ దొరసాని పంపిందన్నాడు, ఊదారంగు కోటతను ఎనిమిది షిల్లింగులు ఇచ్చి, లేడీ డెన్నీ పంపిందన్నాడు, నిజమో కాదో నాకు తెలియదు. జూలై 16న కాల్చి చంపారు. నిలబడలేకపోతే కుర్చీలో మోసుకెళ్లారు.

ఆ తర్వాత రాణి వంతు. ఈ కథ జాన్ ఫాక్స్ అనే ప్రొటెస్టెంట్ రచయిత చాలా ఏళ్లకి రాసి పెట్టింది, కాబట్టి కొంచెం ఉప్పు కారం చల్లి ఉంటాడనే అనుకుందాం. మతం గురించి రాణి తనతో వాదిస్తోందని రాజుకి చిరాకు పుట్టింది. గార్డినర్ ఎగదోశాడు. అరెస్టు కాగితం మీద రాజు సంతకం అయ్యింది. ఆ కాగితం ఎవరి చేతిలోంచో జారి రాణి మనిషికి దొరికింది. ఆమె ఏడుపుతో మంచం పట్టింది. తేరుకున్నాక రాజు దగ్గరికి వెళ్లింది. నువ్వు మాకే పాఠాలు చెప్పే పండితురాలివి అయ్యావు కదా అని ఆయన దెప్పితే, మీ కాలినొప్పి మరిపిద్దామనీ, మీ జవాబుల్లోంచి నాలుగు ముక్కలు నేర్చుకుందామనీ వాదించాను గానీ, మీకు చెప్పేంతదాన్నా అంది. రాజు పొంగిపోయాడు. మర్నాడు రైత్స్‌లీ నలభై మంది భటులతో తోటలోకి వస్తే, తిట్టి తరిమేశాడు. లౌక్యం అనండి, లొంగిపోవడం అనండి. ఆన్ ఆస్క్యూని తలుచుకుంటే నాకు ఈ రెండో మాటే ముందు తడుతుంది, కానీ ఆ గదిలో నేను లేను.

1547 జనవరి 28న హెన్రీ పోయాడు. ఆ వసంతంలోనే ఆమె రహస్యంగా థామస్ సీమోర్‌ని చేసుకుంది. ఇదేదో తొందరలో పుట్టిన మోజు కాదు, ఇంతకుముందు నాకు స్వేచ్ఛ ఉన్నప్పుడే మిమ్మల్ని చేసుకుందామనుకున్నాను అని అతనికి రాసింది. చెల్సీలో కాపురం. ఎలిజబెత్ ఆ ఇంట్లోనే ఉండేది. జేన్ గ్రే కూడా వచ్చి చేరింది.

నేను ముందే అన్న ఆ ఒక్కసారి ఇక్కడే. సీమోర్ పొద్దున్నే ఎలిజబెత్ గదిలోకి దూరేవాడు. మంచం మీద పిల్ల ఇంకా లేవకముందే కితకితలు, చరుపులు. ఆమెకి పధ్నాలుగు, అతనికి నలభైకి దగ్గర. హాన్‌వర్త్ తోటలో ఒక రోజు అతను ఎలిజబెత్ నల్ల గౌనుని కత్తిరించి పీలికలు చేశాడు. అప్పుడు ఆ పిల్లని కదలకుండా పట్టుకున్నది ఎవరనుకున్నారు? కేథరిన్. పిల్లని చూసుకునే కాట్ యాష్లీ తర్వాత విచారణలో ఈ మాట చెప్పింది. సరదా అనుకుందా, భర్తని కాదనలేకపోయిందా? అన్నీ తెలిసిన మనిషి అక్కడ కళ్లు మూసుకుందనే నేను అనుకుంటాను. చివరికి ఇద్దరినీ కౌగిట్లో చూశాక, 1548 మేలో ఎలిజబెత్‌ని లేడీ డెన్నీ ఇంటికి పంపేసింది. పంపేస్తూ, నీ గురించి ఎవరు చెడుగా అన్నా నీకు చెప్తానని మాటిచ్చింది. ఆ మాటకి అప్పుడు సరిగా జవాబివ్వలేకపోయినా, లోపల చాలా ఆలోచించానని ఎలిజబెత్ ఉత్తరం రాసింది.

అప్పటికి కేథరిన్ కడుపుతో ఉంది. మూడు పెళ్లిళ్లలో లేని కడుపు. గ్లాస్టర్‌షైర్‌లో స్యూడ్లీ కోటకి వెళ్లింది. ఆగస్టు 30న ఆడపిల్ల పుట్టింది. మేరీ అని పేరు. తర్వాత బాలింత జ్వరం. సంధిలో, నా చుట్టూ ఉన్నవాళ్లకి నేనంటే లెక్కలేదు, నా బాధ చూసి నవ్వుతున్నారని భర్త చెయ్యి పట్టుకునే అందని లేడీ టర్విట్ చెప్పింది. సెప్టెంబరు 5న పోయింది. శవపేటిక వెనక ప్రధాన శోకార్తురాలిగా నడిచింది పదకొండేళ్ల జేన్ గ్రే. ఇందాకటి బొమ్మలో ఎవరిని ఎవరనుకున్నారో ఇప్పుడు చూసుకోండి.

కేథరిన్ ఆస్తంతా భర్తకే రాసింది. ఆరు నెలల్లో, 1549 మార్చి 20న, రాజద్రోహమని సీమోర్ తల తీశారు. ఆస్తి సర్కారుకి పోయింది. ఏడు నెలల పాప మిగిలింది. తండ్రి కోరిక మీద పాప వెళ్లింది ఎవరి దగ్గరికో తెలుసా? కుక్కకి గార్డినర్ అని పేరు పెట్టిన సఫోక్ డచెస్ దగ్గరికి, గ్రిమ్స్‌థార్ప్‌కి. రాణి పాప కదా, దాదులు, పనివాళ్లు, మందీ మార్బలం వెంట వచ్చారు. డచెస్ తన స్నేహితుడు, సర్కారు కొలువులో ఉన్న విలియం సెసిల్‌కి ఉత్తరాలు రాసింది. జీతాల కోసం వీళ్లు పెట్టే గోల నా చెవులు భరించలేకపోతున్నాయి, నా డబ్బు పెట్టె అంతకంటే భరించలేకపోతోంది. పిల్ల మేనమామ విలియం పార్ తీసుకెళ్లొచ్చు గానీ, ఈ బరువు మోయడానికి ఆయన నడుమూ నా నడుములాగే బలహీనం. దాంతోపాటు పాప సామాను జాబితా పంపింది. ఊయలకి బొంత, దిండ్లు, వెండి గిన్నెలు.

1550 జనవరిలో పార్లమెంటు ఆ పాపకి వారసత్వపు హక్కు తిరిగిచ్చింది. పాప తరఫున ఆస్తి కోసం ఎవరూ వచ్చిన దాఖలా లేదు. ఆ తర్వాత మేరీ సీమోర్ పేరు కాగితాల్లో కనపడదు.