కరెంటు ఆఫీసు లెక్క

అందరికీ నమస్కారం.

ఆరేళ్ల కిందట మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు బిగించడానికి రెండు రోజులు పట్టింది. ఇంటికొచ్చే కరెంటునూ, మిగిలి లైనులోకి తిరిగి పంపే కరెంటునూ కొలిచే నెట్ మీటర్ రావడానికి నాలుగు నెలలు. కరెంటు ఆఫీసుకెళ్లిన ప్రతిసారీ ఒకటే పాట: సారు సైటుకెళ్లారు, మీటర్లు స్టాకు లేవు, సోమవారం రండి. ఆ వేసవంతా ప్యానెళ్లు పనీపాటా లేకుండా పడున్నాయి. పక్కనే మా అమ్మ పెట్టిన వడియాలు మాత్రం చక్కగా ఎండాయి.

అప్పట్లో బద్ధకం అనుకున్నాను. తర్వాత బిల్లు ముందేసుకుని శ్లాబులు చూస్తే సంగతి అర్థమైంది. ఆంధ్రలో ఇళ్లకు మొదటి 30 యూనిట్లకు రేటు 1.90 రూపాయలు. 400 దాటితే 9.75. 1.90కి అమ్మితే డిస్కంకు, అంటే మనకు కరెంటు సరఫరా చేసే కంపెనీకి, కొన్న ఖర్చు కూడా రాదు. ఆ లోటును కొంత ప్రభుత్వ సబ్సిడీ, మిగతాది ఏసీలున్న ఇళ్లు, షాపులు, ఫ్యాక్టరీలు పూడుస్తాయి. మరి సొంత డాబా, చేతిలో డబ్బు ఉండి సోలార్ పెట్టుకునేదెవరు? ఆ 9.75 కట్టే నాలాంటివాళ్లే. కిరాణా కొట్టాయన దగ్గరికెళ్లి, ‘నీ పెద్ద గిరాకీలు ఇకమీదట సరుకు ఇంట్లోనే పండించుకుంటారు, మిగిలింది నీకే అమ్ముతారు, ఆ తక్కెడ నువ్వే తెచ్చి బిగించు’ అంటే ఎంత హుషారుగా కదులుతాడు?

2024 ఫిబ్రవరిలో కేంద్రం 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ప్రకటించింది. 10 కిలోవాట్ల వరకూ సాంకేతిక పరిశీలన అక్కర్లేదంది. మంచిదే. కొట్టాయన లెక్క మాత్రం అలాగే ఉంది.

కింది శ్లాబు రేటు పెంచితే సరిపోదా అంటారు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో చార్జీల పెంపు మీద ఆందోళన చేసినవాళ్లపై కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. ఆ తర్వాత ఏ పార్టీ దాని జోలికి వెళ్లలేదు. వెళ్లమని నేనూ అనను. బోరును నమ్ముకున్న రైతుకు నెలనెలా మోటారు బిల్లంటే మాటలా?

నేననేది ఒకటే. ప్యానెళ్లు పెట్టే వరస తిరగేద్దాం. ముందు పంపు సెట్లకు, తర్వాత రెండు లైట్లు, ఒక ఫ్యాను ఉన్న ఇంటికి. అక్కడ ఎండ ఇచ్చే ప్రతి యూనిట్టూ డిస్కంకు తగ్గిన నష్టమే. అలాంటి ఇంటికి మీటరు బిగించడానికి లైన్‌మన్ నిచ్చెన తానే మోసుకొస్తాడు, సోమవారం దాకా ఆగకుండా.