పిట్టల కబుర్లు: తోక పిగిలి పిట్ట (ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: అచ్చంపేట నుంచి ఫోన్. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే సార్. మా చెలక కాడ బాయి ఉంది, మా మామ తవ్విచ్చిండు, ఇప్పుడు మోటరు గూడ లేదు. దాని పక్క కానుగచెట్టు మీద తెల్లపిట్ట సార్, తోక రిబ్బన్ లెక్క ఇంత పొడుగు. తెల్లారి జూస్తే ఇటుక రంగుది. రంగు మారిందా?

నిపుణుడు: రాత్రికి రాత్రి మారదమ్మా. అవి రెండు తోక పిగిలి పిట్టలు, తెల్లది మగది. ఇటుక రంగుదాని తోక పొడుగుందా?

శ్రోత: పొట్టిదే. మా ఆయన పిగిలిపిట్టే అన్నడు.

నిపుణుడు: నల్లతల, కొప్పు చూసి అనుంటారు, తోక పిగిలి పిట్ట అన్న పేరే అలా వచ్చింది. కానీ పిగిలిపిట్టకు, అంటే బుల్‌బుల్‌కు, తోక మొదట్లో కింద ఎర్రమచ్చ. దీనికి వీపూ తోకా అంతా ఇటుక రంగే, కంటి చుట్టూ నీలం చక్రం. మీరు తెల్లారి చూసింది ఆడది, లేకపోతే లేత మగది.

శ్రోత: అంటే ఇటుక రంగుయన్నీ ఆడయేనా?

నిపుణుడు: కాదు, అక్కడే అందరూ పొరబడతారు. మగవాటిలోనూ ఇటుక రంగువి ఉంటాయి, పొడుగు తోకతో. పిట్ట జానెడే, ఆ రెండీకలు మాత్రం దానికంటే పొడుగు.

శ్రోత: గూడు గూడ పెట్టింది సార్, చాయ్ కప్పంత. మా పిల్లగాడు ఫొటోకు అడ్డమని కొమ్మలు కొడ్తనంటుండు...

నిపుణుడు: వద్దు! ఒక్క రెమ్మ కూడా కొట్టొద్దు. నీడ పోతే పిల్లలు ఎండకు మాడిపోతాయి, కాకి కంట పడతాయి. దూరంగా కూర్చొని చూడమనండి. మగది కూడా పొదుగుతుందమ్మా, తోక గూట్లో పట్టక బయటికి వేలాడుతుంటుంది. అది చూడమనండి.

శ్రోత: మంచిది సార్. అయితే రంగు మారలేదంటరు?

నిపుణుడు: (నవ్వుతూ) మారలేదు తల్లీ.

యాంకర్: థాంక్యూ అమ్మా. తిరుపతి నుంచి...

శ్రోత: సార్, తలకోనలో ఫోన్‌లో దాని కూత పెట్టి పిలవొచ్చా?

నిపుణుడు: పెట్టొద్దు. ఇంకో మగది వచ్చిందనుకుని గూడొదిలి కొట్లాటకొస్తుంది. మడుగు దగ్గర సాయంత్రం కదలకుండా కూర్చోండి. కొమ్మ మీంచి దూకి నీళ్లు తాకి మళ్లీ పైకెళ్తుంది, అదే దాని స్నానం. ముందు కీచుమని గరుకు కూత వినిపిస్తుంది. కొమ్మలు మాత్రం...

యాంకర్: కొట్టొద్దు. భోపాల్ నుంచి, త్వరగా అడగండి.

శ్రోత: ఇక్కడ రాష్ట్ర పక్షి దూద్‌రాజ్ అంటారండీ, అదీ ఇదీ...

నిపుణుడు: ఒకటే. అక్కడైనా గూడు దగ్గరికి...

యాంకర్: లైన్ కట్ అయింది సార్. తర్వాతి కాలర్, హలో?